వీపు ఆనుకునే హోదా

మా సంస్థలో ఒక మనిషి ఏ హోదాలో ఉన్నాడో తెలుసుకోవాలంటే అతని పేరు అడగనక్కర్లేదు, మొహం చూడనక్కర్లేదు. అతని వీపు వెనక ఏముందో చూస్తే చాలు. ఏమీ లేకపోతే అటెండరు, కూర్చునేది స్టూలు. అడ్డంగా రెండు చెక్క పట్టీలుంటే గుమాస్తా. ప్లాస్టిక్ వైరు అల్లి, చేతులు ఆనించుకునే వీలు కూడా ఉంటే సూపరింటెండెంటు. భుజాల దాకా దిండు ఉంటే అధికారి. ఆ దిండు తల దాటి పైకి పోయి, దాని మీద తెల్ల టర్కీ తువ్వాలు పరిచి ఉంటే ఎండీ గారు. తువ్వాలు ప్రతి సోమవారం మారుస్తాం. ఎండీ గారు ఎప్పుడు మారతారో మాత్రం ప్రభుత్వానికే తెలియాలి.

ఈ ఏర్పాటు వల్ల మాకెంతో సుఖం. ఎవరిని చూసి ఎవరు లేచి నిలబడాలో తికమక లేదు. ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని ఉప్మా తిన్నాడు. ఆ కుర్చీని సబ్బు పెట్టి కడిగించాం. ఫర్నిచర్ సెక్షన్ చూసేవాణ్ణి నేనే కాబట్టి దగ్గరుండి కడిగించాను. నా పేరు సోమయాజులు. నాది చెక్క పట్టీల కుర్చీ.

ఇక సంస్థ పని ఏమిటంటే, విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద పర్యాటకులకి సాయం చెయ్యడం. కార్లు మలుపుల్లో ఆగిపోతుంటాయి, టైర్లు పంచరవుతుంటాయి, పిల్లలకి కళ్ళు తిరిగి వాంతులవుతుంటాయి. ఇదివరకు మా జీపు వెళ్ళేది. ఆ జీపు అధికారుల పిల్లల్ని బడికి దింపే బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నాక కొండెక్కడానికి దానికి తీరిక దొరకలేదు. అలాంటి సమయంలో ఎండీ గారు ఏదో సదస్సుకి వెళ్ళి వచ్చారు. ప్రపంచమంతా టూరింగ్ మోటారుసైకిళ్ళ మీద తిరుగుతూంటే మనమింకా జీపుల్ని పట్టుకుని వేలాడుతున్నామని ఆయన ఎంతో నొచ్చుకున్నారు. సదస్సు నుంచి వచ్చిన అధికారి నొచ్చుకుంటే ఏదో ఒకటి కొనకుండా ఉండడు. మొదటి విడతగా ఒక బండి కొన్నాం. రెండో విడత ఇంకా రాలేదు.

బండి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ముందు గాలి కొట్టకుండా అద్దం, రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, రోజంతా ప్రయాణం చెయ్యడానికి వెడల్పాటి సీటు. అది నడపగలిగినవాడు సంస్థ మొత్తానికి ఒక్కడే దొరికాడు, అటెండరు అసిరినాయుడు. నలభై దాటినవాడు, కాస్త బొద్దుగా ఉంటాడు, మాట పెద్దది. అతని పదవి పేరు ‘పథ సహాయకుడు’ అని మార్చారు. జీతం, శ్రేణి మార్చలేదు.

ఆ బండెక్కాక మనిషే మారిపోయాడు. రోజూ పొద్దున్నే బండికి స్నానం చేయించి, హెల్మెట్ పెట్టుకుని, శృంగవరపుకోట దాటి కొండెక్కేవాడు. సాయంత్రం వచ్చి ఆ రోజు ఎవరి కారు తోశాడో, ఎవరి పిల్లకి నిమ్మకాయ వాసన చూపించాడో వరండాలో అందరికీ వినిపించేలా చెప్పేవాడు. సగం గొప్పలే. అయినా వినబుద్ధేసేది. మా సంస్థలో పనిచేసిన సంగతి చెప్పుకునేవాడు అతనొక్కడే మరి.

వర్షాకాలం వెళ్ళేసరికి అతనికి నడుం నొప్పి పట్టుకుంది. ఓ రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, నడుం ఇరిగిపోతంది. డాట్రుబాబు సూసి, వెనకాల ఆనుకోడానికి ఏటైనా ఉంటే బండి తోలు, నేపోతే ఒగ్గెయ్ అన్నాడు. సీటు మీద బిగించే దిండొకటి ఉంటాదట. జానెడుంటే సాలు. మీరు మాటాడి ఇప్పించండి."

"బండి వదిలేస్తే ఏమవుతుందయ్యా? మళ్ళీ అటెండరువి అవుతావు, అంతేగా."

"అలగనకండి బాబూ. కొండమీద నన్ను సూడగానే జనం ‘అమ్మయ్య, వచ్చేసినాడు’ అంటారు. ఇక్కడ గంట కొడితే తప్ప నా మొకం ఎవుడు సూస్తాడు?"

శీతాకాలం రద్దీకి ముందు వాహనాలు నడిపేవాళ్ళందరికీ వైద్య పరీక్ష ఉంటుంది. అందులో నడుం వంగకపోతే బండి దింపేస్తారు. అంటే జానెడు దిండు ఆ లోపల వస్తే అసిరినాయుడికి కొండ ఉంటుంది, రాకపోతే ఉండదు. వ్యవహారం అంత చిన్నది. చిన్న వ్యవహారాల్ని చిన్నగా వదిలేసే అలవాటు మా సంస్థకి లేదు.

నేను కాగితం పట్టుకుని పరిపాలనాధికారి కూర్మారావు గారి గదిలోకి వెళ్ళాను. భుజాల దాకా దిండున్న కుర్చీ ఆయనది. నిబంధనలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. రానివి అప్పటికప్పుడు పుట్టించగలరు.

కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "సోమయాజులూ, కూర్చునే వస్తువుకి వీపు వస్తే దాన్నేమంటారు?"

"కుర్చీ అంటారండి."

"వీపు లేకపోతే?"

"స్టూలండి."

"అతను ఏ శ్రేణి?"

"అటెండరు శ్రేణే అండి."

"మరి? ఇప్పుడతని సీటుకి వీపు లేదు. నిబంధన ప్రకారం సరిగ్గా సరిపోయింది. బండి తయారుచేసినవాళ్ళెవరో గాని మన రూల్సు చదివే చేసినట్టున్నారు. దాన్ని నువ్వు పాడుచేస్తానంటావేమిటి?"

"అది కార్యాలయపు ఫర్నిచర్ కాదు కదండీ. దానికి చక్రాలున్నాయి."

కూర్మారావు గారు కాలితో నేలని చిన్నగా తన్నారు. ఆయన కుర్చీ జర్రున కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నా కుర్చీకి అయిదు చక్రాలున్నాయి. అతని బండికి రెండు. చక్రాల్ని బట్టి చూసినా నాది పెద్ద వాహనం. నాకు వర్తించిన నిబంధన అతనికి వర్తించదా?"

నేను వంగి లెక్కపెట్టాను. అయిదూ ఉన్నాయి.

అయినా మనిషి మంచివారే. అసిరినాయుడి బాధ విని కరిగిపోయారు. కరిగిన అధికారి సంఘం వేస్తాడు. ‘వీపు ఆధార ఎంపిక సంఘం’ అని పేరు పెట్టి, ఆయన అధ్యక్షులుగా, లెక్కల అధికారిణి భాగ్యవతి గారు సభ్యురాలిగా, నేను కాగితాలు మోసేవాడిగా ఉత్తర్వు ఇచ్చారు. "పూర్వాపరములు కూలంకషముగా పర్యాలోచించి, వీపు యొక్క ప్రయోజనమును, సంస్థ యొక్క గౌరవమును సమతూకముగా దృష్టియందుంచుకొని తగు సిఫారసు చేయవలెను" అని అందులో రాయించారు. అసిరినాయుణ్ణి కూడా సంఘంలో వేద్దామన్నాను. లబ్ధి పొందేవాడు నిర్ణయంలో పాల్గొంటే పక్షపాతం అంటుకుంటుందన్నారు. అసలు మా ముగ్గురిలో ఎవరికీ మోటారుసైకిల్ నడపడం రాదు. అందువల్ల పక్షపాతానికి చోటే లేకపోయింది.

దిండ్ల పరీక్ష పోర్టికోలో పెట్టాం. అమ్మేవాళ్ళు మూడు రకాలు పంపారు. నడుం దగ్గర జానెడు ఉండేదొకటి, వీపు మధ్యకి వచ్చేదొకటి, భుజాల దాకా లేచేదొకటి. బండికి స్టాండు వేసి, ఒరిగిపోకుండా అసిరినాయుణ్ణి హ్యాండిల్ పట్టుకోమన్నాం. పైన పంఖా తిరుగుతోంది. ముందుగా భాగ్యవతి గారు పట్టుచీరలో ఒకవైపుకి కాళ్ళు వేసుకుని కూర్చున్నారు. అలా కూర్చుంటే దిండు వీపుకి రాలేదు, మోచేతి కిందికొచ్చింది.

"చెయ్యి ఆనించుకోడానికి హాయిగా ఉందండీ," అన్నారావిడ.

కూర్మారావు గారు ఉలిక్కిపడ్డారు. "చెయ్యి ఆనుతోందా? అయితే ఇది చేతుల కుర్చీ కూడా అయింది. సూపరింటెండెంటుకి తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. రాసుకో సోమయాజులూ."

రాసుకున్నాను. తర్వాత ఆయన ఎక్కారు. జానెడు దిండుకి ఆని, "ఇది ఉన్నట్టే లేదు" అన్నారు. రెండోదానికి ఆని, "ఇది సంస్థ గౌరవానికి తక్కువ" అన్నారు. మూడోదానికి ఆనాక ఏమీ అనలేదు. కాసేపు చూసి దగ్గరికి వెళ్తే సన్నగా గురక వినిపించింది. మేము లేపలేదు. కాఫీ వచ్చాక ఆయనే లేచి, నిద్ర పట్టేంత భద్రత ఆ ఒక్కదానిలోనే ఉందని తేల్చారు.

హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ అసిరినాయుడు ఉండబట్టలేకపోయాడు. "బాబూ, నాను బండిమీద తొంగోను గదా. మెలికల్లో ఒంగాల. అంతెత్తుదైతే వీపుకి అడ్డం తగుల్తాది. ఆ సిన్నదే ఇప్పించండి."

"చిన్నదాంతో నిన్ను పంపితే రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే పర్యాటకులు మన సంస్థని ఏమనుకుంటారయ్యా?" అన్నారు కూర్మారావు గారు ఎంతో ఆప్యాయంగా.

ఎత్తు తేలింది. ఇక మిగిలింది అర్హత. ఆ ఎత్తు అధికారిది, మనిషి అటెండరు. నాకెలాగైనా ఆ దిండు అసిరినాయుడికి చేరితే చాలుననిపించి, బుర్ర చించుకుని ఓ ఉపాయం చెప్పాను. బండి నడిపినంత సేపూ అతన్ని తాత్కాలికంగా అధికారి శ్రేణిలో ఉంచి, దిగగానే మళ్ళీ అటెండరుని చేసేద్దామన్నాను. జీతంలో తేడా రాదు కాబట్టి భాగ్యవతి గారు అభ్యంతరం చెప్పలేదు. కూర్మారావు గారు మాత్రం దీర్ఘంగా ఆలోచించారు.

"లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడిందనుకో. అతను బండి దిగడు, ఒక కాలు నేల మీద పెడతాడు. అప్పుడతను అధికారా, అటెండరా?"

"ఒక కాలే కదండీ..."

"కాలిని బట్టి హోదా చీల్చడానికి కుదరదయ్యా. ఆ సమయంలో నేను పక్కనే కారులో ఉంటే, అతను నాకు నమస్కారం పెట్టాలా, నేనతన్ని పలకరించాలా? రైలు వెళ్ళేదాకా నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

ఇంకో పక్క వైద్య పరీక్ష దగ్గర పడుతోంది. అసిరినాయుడు రోజూ కొండెక్కి దిగుతూనే ఉన్నాడు. వరండాలో గొప్పలు చెప్పడం మానేశాడు. వచ్చి స్తంభానికి ఆని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, ఇంటికి పోయేవాడు. నాకు ఒళ్ళు మండి, దిండు నా డబ్బుతో కొని బిగించేస్తానన్నాను. సొంత ఫర్నిచర్ కార్యాలయానికి తేవడం క్రమశిక్షణా రాహిత్యమని కూర్మారావు గారు గుర్తుచేశారు. ఫర్నిచర్ సెక్షన్ నాదే కాబట్టి నామీద నేనే చర్య తీసుకోవాల్సి వచ్చేది. డబ్బు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

చివరికి ఉత్తర్వు వచ్చింది. బండికి భుజాల ఎత్తు దిండు మంజూరు. దాన్ని ఆనుకునే హక్కు అధికారి శ్రేణికి, ఆపైవారికి. అటెండరు శ్రేణి ఉద్యోగి బండి నడుపుతున్నప్పుడు దిండుకీ అతని వీపుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండి తీరాలి. సందు ఉందో లేదో పర్యాటకులు గమనించి ఫిర్యాదు చెయ్యడానికి వీలుగా బండి పెట్టె మీద ఫోను నంబరు రాయించాం.

అసిరినాయుడు ఉత్తర్వు నాచేత చదివించుకున్నాడు. "అంటే ఏటి బాబూ? దిండిచ్చి, ఆనుకోవద్దంటారా?"

"ప్రస్తుతానికంతే."

"ఇంతకుముందు వెనక్కి జరిగి కూకునే జాగా ఉండేది. ఇప్పుడది గూడా నేదు."

నిజమే. దిండు తగలకుండా ఉండాలంటే అతను ట్యాంకు మీదికి వంగి కూర్చోవాలి. అలా వంగే వెళ్ళాడు, వంగే వచ్చాడు.

దిండు బిగించాక ప్రారంభోత్సవం చెయ్యకుండా ఎలా ఉంటాం? అరకులో చెయ్యాలని ఎండీ గారు కోరారు. దిండుని మొదటిసారి ఆనే గౌరవం ఆయనదే. దిండు ఉన్నది ముందు సీటుకి. కాబట్టి ఆయన ముందు కూర్చోవాలి. ముందు కూర్చున్నవారు బండి నడపాలి. ఆయనకి సైకిలు కూడా రాదు. ఈ చిక్కుని కూర్మారావు గారు ఇట్టే విప్పారు. బండిని లారీ ఎక్కించి, బండి మీద ఎండీ గారిని ఎక్కించి, లారీని అరకు పంపమన్నారు.

దిండు మీద తెల్ల తువ్వాలు పరిచాం. గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టాం. బండిని తాళ్ళతో కట్టబోతే, ఫొటోల్లో పశువుని తోలుకెళ్తున్నట్టుంటుందని ఫొటోగ్రాఫరు వద్దన్నాడు. మరి మలుపుల్లో బండి పడిపోతే? దాన్ని పట్టుకోవడం తెలిసినవాడు అసిరినాయుడొక్కడే. ఫొటోలో కనపడకుండా లారీ తొట్టెలో నడుం వంచి, రెండు చేతులా బండిని పట్టుకోమన్నారు. వంచాడు. బొర్రా గుహలు దాటి ఆ పైదాకా అలాగే ఉన్నాడు. నేను లారీలో ఓ మూల పూలదండలు పట్టుకుని కూర్చున్నాను. ప్రతి మలుపులోనూ అతని నోట్లోంచి ‘అబ్బా’ అని వచ్చేది. ఎండీ గారికి అది ఇంజను శబ్దంలో వినపడలేదు.

దారిలో ఒక మలుపు దగ్గర కారు ఆగిపోయి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. ఒకావిడ ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని రాయి మీద కూర్చుంది. మా సంస్థ బండి చూడగానే ఆవిడ భర్త రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఎండీ గారు కూడా చెయ్యి ఊపారు. లారీ సాగిపోయింది.

"బాబూ, ఆపండి, పిల్లోడికి బాగున్నట్టు నేదు," అన్నాడు అసిరినాయుడు కిందనుంచి.

ముందు కేబిన్లో ఉన్న కూర్మారావు గారికి ఫోను చేసి చెప్పాను. ముహూర్తం మించిపోతోందన్నారు.

అరకులో ఎండీ గారు బండి మీంచే ప్రసంగించారు. "ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఇలాంటి సౌకర్యం ఎంత అవసరమో ఈరోజు నాకు స్వయంగా అర్థమైంది," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. అసిరినాయుడు కొట్టలేదు. బండి వదిలితే పడిపోతుంది.

వైద్య పరీక్షలో అతను నెగ్గలేదు. వంగమంటే వంగాడుగాని మళ్ళీ నిలబడలేకపోయాడు. డాక్టరు ఇద్దర్ని పిలిచి నిలబెట్టించాడు. బండిని పోర్టికోలో పెట్టి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పాం. తువ్వాలు సోమవారం సోమవారం మారుస్తున్నాం. ఘాట్ రోడ్డు మీద కార్లు ఎప్పట్లాగే ఆగుతున్నాయి.

అసిరినాయుణ్ణి ఎండీ గారి గది బయట వరండాలో వేశారు. గంట మోగితే లోపలికి వెళ్ళాలి. మొదటిరోజు వచ్చి, స్టూలుని గోడవారగా జరుపుకుని, వీపుని గోడకి ఆనించి కూర్చున్నాడు. నేను ఆ దారినే పోతూ చూశాను. ఎన్నో నెలల తర్వాత అతని మొహంలో నొప్పి కనిపించలేదు. ఒక చెయ్యి గుమ్మం మీద వేసుకుని, ఇంకో అటెండరుకి కొండమీది మంచు గురించి ఏదో గొప్ప చెబుతున్నాడు. నాకు కడుపు నిండినట్టయింది. పోనీలే, ఇదైనా దక్కింది అనుకున్నాను.

కూర్మారావు గారు నా వెనకే వచ్చి ఆగారు. చాలాసేపు గోడ వైపు చూశారు.

"సోమయాజులూ, ఆ గోడ ఎవరిది?"

"మన సంస్థదేనండి."

"దాని ఎత్తెంత?"

ఆయన మెడ ఎత్తి కప్పు దాకా చూశారు. "ఎండీ గారి కుర్చీ తల దాటి జానెడు పోతుంది. ఇతని వెనక చూడు, కప్పు దాకా ఉంది. లోపల ఎండీ గారు, బయట ఇతను. పైగా గోడ పక్కా కట్టడం. రేపు ఎవరైనా మంత్రిగారు వస్తే ముందు ఎవరికి నమస్కారం పెడతారు?"

మెమో నేనే రాశాను. స్టూలుకీ గోడకీ మధ్య రెండడుగులు ఉండాలని, ఆ హద్దు దాటకుండా నేల మీద తెల్లరంగు గీత వెయ్యాలని రాశాను. రాసి, అతని చేతికిచ్చి, అర్థం చెప్పాను. అసిరినాయుడు మళ్ళీ చదవమనలేదు. నన్ను తిట్టినా బాగుండేది. లేచి స్టూలుని వరండా మధ్యకి లాక్కుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. వీపు ఎటు ఒరిగినా నొప్పే కాబట్టి, ఎటూ ఒరగకుండా కర్రలా కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఎండీ గారు అతన్ని చూసి ఆగిపోయారు. మమ్మల్నందర్నీ గదుల్లోంచి బయటికి పిలిపించారు.

"చూడండి. వీపు ఎంత నిటారుగా పెట్టాడో చూడండి. ఎక్కడా ఒరగడం లేదు, జారగిలబడడం లేదు. క్రమశిక్షణ అంటే ఇదీ. మీరంతా ఇతన్ని చూసి నేర్చుకోవాలి," అన్నారు.

అసిరినాయుడు చేతులు జోడించి, మర్యాదకి లేవబోయాడు. సగం లేచాడు. అక్కడే ఆగిపోయాడు. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించాడు.

ఎండీ గారు దయగా చెయ్యి ఊపి, "పరవాలేదయ్యా, నాకోసం లేవకు, హాయిగా కూర్చో," అని భోజనానికి వెళ్ళిపోయారు.